ఏడు వేళ్ల ఎత్తు

ఉదయం ఎనిమిదింటికి కృత్తిక తెల్లగోడకు ఎదురుగా కూర్చుని గ్లాసెడు గోరువెచ్చని నీళ్లు తాగింది. ముంజేతికి రేయింబవళ్లూ ఉండే గీతపట్టీ నుంచి వెలువడిన ఆకుపచ్చ గీత గోడ మీద ఎడమ నుంచి కుడికి నిదానంగా పాకింది. ఎక్కడా లేవలేదు, ఎక్కడా దిగలేదు. మూడు నిమిషాలయ్యాక గోడ మూల నుంచి ఎప్పుడూ వినిపించే ఆడగొంతు పలికింది.

"శూన్యం. తీరమండలం మట్టం సరి."

అంతర్వేది నుంచి తుని దాకా ముప్ఫై లక్షల చెవుల వెనక ఉన్న గంటికలు ఆ మాట అందాక గానీ ఆ రోజు పనిలోకి దిగవు. కృత్తిక గ్లాసు బోర్లించి, చీర కుచ్చెళ్లు సర్దుకుని, పక్క గదిలోకి వెళ్లింది. ఆ గదిలోనూ గోడలు తెల్లవే. కిటికీ లేదు. ఒక వాలు కుర్చీ, తలకు పెట్టుకునే తొడుగు, చేతికందే ఎత్తులో ఇత్తడి జరుపుడు కడ్డీ, పక్కన చిన్న బల్ల మీద ఒక ఫోను, గిన్నెలో మరమరాలు. పద్నాలుగేళ్లుగా ఇదే వరస.

మన జనానికి పాతకాలం నుంచీ ఒక జబ్బుంది. మంచి ఘడియ నడుస్తున్నంతసేపూ వంకాయల ధర గురించో మడమ నొప్పి గురించో ఆలోచిస్తారు. అది దాటిపోయి పదేళ్లయ్యాక "ఎంత బాగుండేవండీ ఆ రోజులు" అని నిట్టూరుస్తారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమన్నమాట. ఆ జబ్బుకు మందుగా వచ్చింది గంటిక. మినపగింజంత ఉంటుంది, చెవి వెనక చర్మం కింద అమరుస్తారు. ఊపిరి, గుండె, ఒంటి వెచ్చదనం, కళ్లు నిలిచిన తీరు, అన్నీ కలిపి చూసుకుని, క్షణం మామూలు మట్టం మీద ఏడు వేళ్ల ఎత్తుకు లేచిందంటే ఒక్కసారి టింగుమంటుంది. ఇదే, ఇప్పుడే, ఆగి చూసుకోమని దాని భావం.

మొదట్లో జనం దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. కిర్లంపూడిలో ఒక పెళ్లికొడుక్కి తాళి కట్టేటప్పుడు మోగని గంటిక, విందులో బూరె కొరికినప్పుడు మోగింది. ఆ పెళ్లికూతురు ఇప్పటికీ ఆ ఇంట్లో బూరెలు వండదట. అలాంటి కథలు చెప్పుకుని నవ్వుకున్నన్ని రోజులు నవ్వుకున్నారు. తర్వాత్తర్వాత నవ్వు తగ్గింది. ఇప్పుడు ఎదురుపడితే "బాగున్నారా" అనడం మానేసి "మోగిందా" అంటున్నారు. మోగకపోతే అది మంచి క్షణం కాదన్నట్టే. పిల్ల వచ్చి ఒళ్లో కూర్చుంటుంది, తల్లి ఒక్క రెప్పపాటు చెవి రిక్కిస్తుంది, గంటిక ఊరుకుంటే తను కూడా ఊరుకుని తెర వైపు తిరిగిపోతుంది.

ఎత్తు కొలవాలంటే కింద నేల ఉండాలి కదా. ఆ నేల కృత్తిక. ఇల్లు కట్టే మేస్త్రీకి రసమట్టం ఎలాగో, ముక్తేశ్వరం ఒడ్డునున్న ఈ క్షణ ప్రమాణ కేంద్రానికి ఆమె అలాగ. ఆమె ఉద్యోగం పేరే మట్టం. ముప్ఫై రెండో ఏట పరీక్షకు వచ్చిన ఆరువందల మందిలో ఏం చూపించినా, ఏం వినిపించినా గీత చలించని మనిషి ఆమె ఒక్కతే అని తేలింది. చేరిన రోజునే చెవి వెనక గంటిక తీసేశారు. పాయ అవతల కోటిపల్లిలో కేంద్రం ఇచ్చిన క్వార్టర్లోనే ఉండాలి. పాటలు వినకూడదు, కుక్కనో పిల్లినో పెంచకూడదు. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పప్పూ అన్నం, ఏడాది పొడుగునా అంతే. తొంభై రోజులకొకసారి వచ్చిపోయే దారి మార్చాలి, లేకపోతే దారిలో మనుషులు పరిచయమైపోతారు. ఎవరి పేరూ అడగకూడదు. తక్కెడ పళ్లెం ఖాళీగా ఉంటేనే తూకం సరిగ్గా వస్తుందని, ఆమెను ఖాళీగా ఉంచడానికి కేంద్రం చాలా శ్రద్ధ తీసుకుంది.

తణుకులో ఒక చెల్లెలుండేది. మొదట వారానికోసారి, తర్వాత పండగలకీ ఫోన్ చేసేది. "నీతో మాట్లాడితే గోడతో మాట్లాడినట్టుందే అక్కా" అని ఏడ్చి ఒకరోజు మానేసింది. ఆరోజు కూడా గీత కదల్లేదు. కృత్తికకు ఒంటరితనం లేదని కాదు. ఉంది, బాగానే ఉంది. అయితే అది కూడా కదలకుండా ఒకేచోట ఉండే ఒంటరితనం కాబట్టి గీతకు ఎప్పుడూ చిక్కలేదు.

ఆమె తొడుగు పెట్టుకుంది. రోజుకు నలభై అంచు చిటికలు ఆమె దగ్గరికి వస్తాయి. ఏడు వేళ్లకు బాగా పైనుండే క్షణాన్నీ బాగా కిందుండేదాన్నీ యంత్రమే తేల్చేస్తుంది. అటూ ఇటూ కాకుండా అంచున ఊగేవాటినే పన్నెండు సెకన్ల చిటికలుగా కోసి, మనుషుల ముఖాలూ గొంతులూ చెరిపేసి, మట్టానికి పంపిస్తుంది. ఆ పన్నెండు సెకన్లూ ఆమె ఇంకొకరి ఒంట్లో ఉంటుంది. గోడ మీద ఎర్రగీత వాళ్లది, పచ్చగీత ఆమెది. పచ్చగీత నేల మీదే ఉండగా ఎర్రగీత ఎంత ఎత్తు లేచిందో కడ్డీ జరిపి చెప్పాలి. ఏడు, ఆ పైన అయితే చిటిక నిలుస్తుంది, సాయంత్రానికి దాని నకలు ఆ మనిషికి చేరుతుంది. ఏడుకు తగ్గితే చెరిగిపోతుంది, ఆ మనిషి గంటిక ఇకముందు అలాంటిదానికి మోగదు. అంటే ఆ మనిషి అలాంటిదాన్ని ఇకముందు చూడడు.

మొదటి చిటిక ఎవరో దర్జీది. రవికకు ఆఖరి హుక్కు కుట్టి, ముడివేసి, దారాన్ని పంటితో కొరికాడు. ఆ దారం తెగిన చప్పుడులో రోజంతటి పని దించుకున్న హాయి ఉంది. ఏడుంపావు. రెండోదాంట్లో మొగుడూ పెళ్లాం డాబా మీద దుప్పటి మడత పెడుతున్నారు, నాలుగు మూలలూ మొదటిసారికే కలిశాయి, ఇద్దరూ ఏమీ అనుకోకుండా ఒకేసారి ఒక అడుగు ముందుకేశారు. ఏడు. తర్వాత లారీ కింద పడుకున్న డ్రైవరు, నీడ సరిగ్గా అతని పాదాల దగ్గర ఆగింది. బాగానే ఉంది కానీ అతని మనసు ఇసుక ట్రిప్పు మీద ఉంది. ఆరున్నర. కృత్తిక కడ్డీ జరిపింది, ఆ నీడ చెరిగిపోయింది. ఒక్కో చిటిక అయ్యాక నాలుగు మరమరాలు నోట్లో వేసుకునేది, ఒకరి రుచి ఇంకొకరికి అంటకుండా.

ఒక్కటి ఒప్పుకోవాలి, ఆమె ఈ పనిని ప్రేమించింది. ఇంకో బతుకు లేదు కాబట్టి ప్రేమించింది. రోజుకు నలభై మంది ఆనందాలు ఆమెలోంచి పోయేవి, ఒక్కటీ నిలిచేది కాదు. ఈ చేత్తో తీసుకుని ఆ చేత్తో ఇచ్చేయడమే. కానీ ఈ కుర్చీలో ఉన్నంతసేపూ ఆమె ఎవరికో ఒకరికి పనికొచ్చే మనిషి, కుర్చీ దిగితే ఎవరికీ ఏమీ కాదు. ఈ కుర్చీ పోతే తనకింకేం మిగులుతుందన్న ఆలోచన ఆమె దగ్గరికి అప్పుడప్పుడూ వచ్చి గుమ్మంలో నిలబడి వెళ్లిపోయేది.

నాలుగు గంటల వేళ ముప్ఫై ఒకటో చిటిక వచ్చింది.

అందులో రెండు మగచేతులు. మోచేతుల దాకా బురద, వేళ్ల మధ్య చిక్కుకున్న గుర్రపుడెక్క తీగలు. భుజాలు లాగేస్తున్నాయి. అంతకుముందు దాకా ఒంట్లో ఏదో అదురు ఉండి ఇప్పుడే ఆగినట్టుంది. చలికాలం పొద్దు, చుట్టూ మంచు, దాని వెనక ఎక్కడో నీళ్ల చప్పుడు. ఆ చేతులు దోసిలిగా ముందుకు చాచి ఉన్నాయి. చల్లటి నీళ్లు పడతాయని ఒళ్లు ముందే బిగుసుకుంది. పై నుంచి ఒక స్టీలు సీసా వంగింది. ధార పడింది. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి.

బిగుసుకున్న ఒళ్లంతా ఒక్కసారిగా వదులైంది. వేళ్ల సందుల్లోంచి బురద జారి తెల్లటి అరచేతులు బయటపడ్డాయి. ధార సన్నబడింది. సీసా పట్టుకున్న చెయ్యి ఆఖరి చుక్కలు కూడా పోకూడదన్నట్టు దాన్ని రెండుసార్లు విదిల్చింది. చిటిక అయిపోయింది.

కృత్తిక పెద్దగా ఆలోచించలేదు. చేతులు కడుక్కున్నాడు, అంతే కదా. కడ్డీని ఆరు మీదికి తెచ్చి వదిలేసింది. తీర్పు ఖాయం కావడానికి ఇంకా పన్నెండు సెకన్లు గడువుంది. మరమరాల కోసం చెయ్యి చాచింది.

చాచిన చెయ్యి గాల్లోనే ఆగింది. చెంగు జరిగి ముంజేతి మీద గీతపట్టీ కనిపించింది. బూడిదరంగు పట్టీ, లోపలివైపు ఒక చిన్న చీలిక. ఇందాక సీసా విదిల్చిన చేతికీ అదే పట్టీ ఉంది, అదే చీలిక. యంత్రానికి ముఖాలు చెరపడం నేర్పారు, గొంతులు చెరపడం నేర్పారు. చేతుల సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇంకో రెండు సెకన్లుండగా ఆమె కడ్డీని వెనక్కి లాగేసింది.

అప్పుడు గుర్తొచ్చింది. వరసలో ఆగి ఇవాళ వచ్చిందే గానీ, పన్నెండు రోజుల కిందటి మాట. జనాన్ని పాయ దాటించే ఏడుంపావు పంటులో కృత్తిక కోటిపల్లి రేవు నుంచి బయల్దేరింది. సముద్రం పైకి వచ్చాక ఆ పాయ బాగా వెడల్పయింది, దాటడానికి అరగంట పడుతుంది. నడిపాయలో మోటారు గుర్రుమని ఆగిపోయింది.

"ఏసుపాదం గారూ, ఇంకెంతసేపండీ? అవతల బడిగంట కొట్టేస్తారు" అని ఒక టీచరమ్మ కేకేసింది.

"పంకాకి డెక్క పట్టేసిందండి. ఓ పది నిమిషాలాగండి, లాగేత్తాను" అన్నాడు పంటు నడిపే సరంగు. యాభై దాటిన మనిషి, పొడుగ్గా, ఎండకు నల్లబడి ఉంటాడు. పేరు చెవిన పడింది కాబట్టి ఆ రోజంతా కృత్తిక దాన్ని మరిచిపోవడానికి ప్రయత్నించింది, నియమం అలాంటిది. అతను పంటు అంచున బోర్లా పడుకుని, భుజాల దాకా నీళ్లలో చేతులు పెట్టి, డెక్క తీగలు చేంతాళ్లలా లాగి పడేశాడు. లేచాక ఎక్కడ తుడుచుకోవాలో తెలియక ఆ చేతుల్ని దూరంగా పట్టుకుని నిలబడ్డాడు. కృత్తిక పక్కనే ఉంది. సీసా మూత తీసింది.

"చేతులు పట్టండి."

"అయ్యో, తాగే నీళ్లు కదండీ."

"పర్లేదండి, పట్టండి."

ధార పడగానే అతను నవ్వేశాడు. "వెచ్చగున్నాయండే!" అన్నాడు. ఇంకెవరితోనూ కాదు, తనలో తనే అనుకున్నట్టు అన్నాడు. ఆమె సీసా విదిల్చి మూత పెట్టుకుంది. ఆ తర్వాత మోటారు అంటుకుంది, మంచు విడిపోయింది, రేవు వచ్చింది.

ఇంతే జరిగింది. కృత్తిక గోడ మీద తన పాత గీత తెరిపించింది. ఆ తేదీ, ఏడూ నలభై రెండు నిమిషాలు. ఆ వేళకు అతని ఎర్రగీత దాదాపు ఏడు వేళ్లు లేచి నిలబడింది. దాని కింద, సరిగ్గా అదే వేళకు, ఆమె పచ్చగీత నేలకు అతుక్కుని ఉంది. తలవెంట్రుకంత కూడా లేవలేదు. అప్పుడు తనేం ఆలోచించిందో కూడా గుర్తొచ్చింది. సీసా ఖాళీ అయింది, శూన్యపరీక్షకు మళ్లీ నీళ్లు కాచుకోవాలి అనుకుంది.

పద్నాలుగేళ్లలో ఎన్నివేల మంది మంచి క్షణాలను ఆమె తూచిందో లెక్క లేదు. వాటిలో ఒక్కదానిలోనూ తను ఉంటానని అనుకోలేదు. ఉంది. తన ఇంట్లో అన్నిటికన్నా చప్పనిది, రుచీ పచీ లేనిది, ఆ కాచిన నీళ్లే. అవి ఒక మనిషికి పండగయ్యాయి. ఆమె ఆ పండగలోనే నిలబడి ఉంది, తన చేత్తోనే వడ్డించింది, తను మాత్రం తినలేదు. ఇంతకాలం జనం మీద ఆమెకు కొంచెం చిన్నచూపు కూడా ఉండేది, గంట కొడితే గానీ కళ్లు తెరవరని. దీపం కింద చీకటి అంటే ఇదే కాబోలు.

ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తొడుగు తీయకుండా చిటికను మళ్లీ పెట్టుకుంది. ఈసారి చేతుల మీద నీళ్లు పడుతున్నప్పుడు, పోస్తున్నదీ తనే పోయించుకుంటున్నదీ తనే అయింది. నవ్వొచ్చింది కూడా. గోడ మీద పచ్చగీత నేల వదిలి లేచింది. ఒకటిన్నర వేలు ఎత్తుకు వెళ్లి, అక్కడ కాసేపు నిలబడి, మెల్లగా దిగింది.

గోడ మూల నుంచి ఆడగొంతు పలికింది. "మట్టంలో చలనం. వివరణ కావాలి." తెల్లగోడ మీద రెండు చదరాలు వెలిగాయి. ఒకదానిలో నలుసు అని, రెండోదానిలో నాది అని ఉంది.

తుమ్మో దగ్గో గీతను కదిపినప్పుడు నొక్కడానికి పెట్టింది నలుసు. రెండోది, కదిలింది తన మనసేనని ఒప్పుకోవడానికి; దాన్ని ఈ కేంద్రం పెట్టాక ఎవరూ ముట్టుకోలేదు.

రెండు నిమిషాల్లో తలుపు తోసుకుని కామేశం గారు వచ్చారు. కేంద్రానికి పెద్దాయన ఆయనే, నాలుగు నెలల్లో రిటైరవుతారు. తొమ్మిదేళ్లుగా గుమ్మం అవతల నిలబడే ఆమెతో మాట్లాడేవారు, మట్టానికి దగ్గరగా రాకూడదు కాబట్టి. ఈరోజు తలుపు మూయడం కూడా మరిచి లోపలికి వచ్చేశారు. ఆమె కళ్లు చూసి ఆగిపోయారు.

"నా గదిలో ఎర్రదీపం వెలిగిందమ్మా. అసలు ఆ దీపం ఒకటుందన్న సంగతే మర్చిపోయాను. ఏమైంది?"

"గీత లేచిందండి."

"ఎంత?"

"ఒకటిన్నర."

"ఓస్, అంతేనా. తుమ్మొచ్చిందా? మరమరాలు పొలమారాయా?"

"లేదండి."

"పొలమారాయనుకుందాం" అన్నారాయన మెల్లగా. "నలుసు నొక్కెయ్యమ్మా. నేను సంతకం పెడతాను. ఇక్కడితో అయిపోద్ది."

"నలుసు నొక్కితే ఆ చిటిక కూడా పోతుంది కదండీ."

"పోతే పోనీ. రోజుకెన్ని పోవడం లేదు? ఎవరిదేంటి?"

"పంటు సరంగుదండి. దాంట్లో నేనున్నాను."

కామేశం గారు ఒక అడుగు దగ్గరికి వచ్చారు. తర్వాత అడిగారు. "ఏం చేశావమ్మా?"

"చేతులు కడుక్కోడానికి నీళ్లు పోశానండి."

"అంతేనా?"

"అంతేనండి."

ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "చూడమ్మా, నీకు తెలియని రూలేం కాదు ఇది. మట్టం ఏ ఎత్తునైతే నాది అంటుందో, కొత్త మట్టం వచ్చేదాకా అదే నిండు కొలత. రాసినవాళ్లు ఏమనుకుని రాశారు? మట్టం అంటే బండరాయి, బండరాయి కదిలిందంటే ఏ పన్నెండు వేళ్లో లేచి ఉంటుంది అనుకున్నారు. నీది ఒకటిన్నర. ఏడు దగ్గర మోగాల్సిన గంటికలన్నీ ఇక ఒకటిన్నర దగ్గరే మోగుతాయి. ముప్ఫై లక్షల మందికమ్మా. అన్నం కలుపుకుంటే మోగుద్ది, చెప్పులేసుకుంటే మోగుద్ది. జనానికి పిచ్చెక్కిపోద్ది."

కృత్తిక తొడుగు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నా సంగతి వదిలెయ్. నన్నేం చేస్తారు, ఓ నాలుగు నెలలు ముందే ఇంటికి పంపిస్తారు. నువ్వేం చేస్తావు? కదిలిన మట్టాన్ని ఒక్క రోజు ఉంచరు. రేపు పొద్దున్నే క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. ఎక్కడికెళ్తావు? ఎవరున్నారు నీకు?"

"ఎవరూ లేరండి."

"మరి? ఒక చిన్న అబద్ధమమ్మా. ఎవరికీ నష్టం లేని అబద్ధం."

"ఆయనకు నష్టమేనండి. అది చెరిగిపోతే ఆయన గంటిక ఇకమీదట దానికి మోగదు. ఇంకెవరైనా ఎప్పుడైనా ఆయన చేతుల మీద వెచ్చటి నీళ్లు పోస్తే, తుడుచుకుని వెళ్లిపోతాడు." ఆమె చెయ్యి చాపి చూపించింది. "నాకూ నష్టమేనండి. నేనక్కడే ఉన్నాను కామేశం గారూ. ఈ చేత్తోనే పోశాను. ఆయనకు దక్కింది, నాకు దక్కలేదు. నాకు ఇవాళ దక్కింది, పన్నెండు రోజులు ఆలస్యంగా. నా మొత్తం బతుక్కి ఇదొక్కటేనండి. దీన్ని పట్టుకుని పొలమారిందని రాయమంటారా?"

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకుని గోడ వైపు తిరిగారు, చూడకుండా ఉంటే తనకు సంబంధం లేనట్టవుతుందని కాబోలు.

కృత్తిక ముందు కడ్డీని అందుకుంది. ముప్ఫై ఒకటో చిటికకు ఏడు వేసింది. తర్వాత లేచి, గోడ దగ్గరికి నడిచి, నాది అన్న చదరం మీద అరచెయ్యి మొత్తం ఆనించింది. ఒక వేలు చాలు, కానీ చెయ్యంతా ఆనించింది.

"నమోదైంది" అంది ఆడగొంతు. ఆ గొంతుకు ఆశ్చర్యపోవడం తెలీదు. "నిండు కొలత, ఒకటిన్నర."

తెరిచి ఉన్న తలుపులోంచి వరండా, వరండా అవతల గట్టు, గట్టు కింద పాయ కనిపిస్తున్నాయి. గట్టు మీద ఒకాయన సైకిల్ తొక్కుకుంటూ పోతున్నాడు. ఉన్నట్టుండి ఒక కాలు కింద పెట్టి ఆగాడు. అతని వెనక బచ్చలికూర గంపతో వస్తున్న ఆవిడ ఆగింది. టీ బడ్డీ దగ్గర గ్లాసు నోటిదాకా తెచ్చుకున్న మనిషి అలాగే ఉండిపోయాడు. నడిపాయలో పంటు వేగం తగ్గించింది, దాని మీద జనం ఒకరొకరుగా లేచి నిలబడి అటూ ఇటూ చూస్తున్నారు. ఏది? ఎక్కడ? ఏమొచ్చింది ఇప్పుడు? ఎవరికీ ఏమీ కనపడలేదు. కనపడకపోయినా ఎవరూ కదల్లేదు. సైకిలాయన తలెత్తి ఆకాశం చూశాడు, గంపావిడ తన గంపలోకి చూసుకుంది.

బల్ల మీద ఫోన్ మోగడం మొదలుపెట్టింది. హెడ్డాఫీసు నుంచి. కామేశం గారు దాని మీద చెయ్యి వేశారు, ఎత్తబోయారు, ఎత్తకుండా ఆ చేతిని చెవి వెనక్కి తీసుకెళ్లారు.

"మోగిందమ్మా" అన్నారు. ఆయన ముఖం పరీక్ష పేపరు అందుకున్న పిల్లాడి ముఖంలా ఉంది. "నాకు మోగి ఆరేళ్లయింది. మా ఆవిడ పోయాక మోగలేదు."

ఆయన గదిలో నాలుగు వైపులా చూశారు. తెల్లగోడలు, వాలు కుర్చీ, మోగుతున్న ఫోను, ఏడ్చి ఎర్రబడ్డ కళ్లతో ఒక నడివయసు మనిషి.

"దేనికి మోగిందమ్మా? ఇక్కడేముంది?"

"నాకు తెలీదండి. నాకు గంటిక లేదు కదా. మీరే చూసుకోవాలి."

ఆయన చూశారు. అలవాటు లేని పని కాబట్టి చాలాసేపు పట్టింది. గోడ మీద పడ్డ సాయంత్రపు ఎండను చూశారు, ఆమెను చూశారు, తొమ్మిదేళ్లుగా తను లోపల అడుగు పెట్టని ఆ గదిలో తన రెండు పాదాలను చూసుకున్నారు. ఫోన్ ఆగిపోయి మళ్లీ మోగింది. ఆయన ఎత్తలేదు.

కృత్తిక ముంజేతి నుంచి గీతపట్టీ విప్పి బల్ల మీద పెట్టింది. రేపటి గురించి ఆలోచిస్తే భయంగా ఉంది. ఆ భయం కూడా తనదే. చెంగు భుజం మీదికి లాక్కుంది.

"నేను వెళ్తానండి. ఐదున్నర పంటు ఉంది. సరంగుతో ఒక మాట చెప్పాలి."

"ఉండమ్మా" అన్నారు కామేశం గారు, ఆమె వైపు తిరక్కుండానే, ఎండ నుంచి కళ్లు తీయకుండా. "ఒక్క నిమిషం ఉండు."

పద్నాలుగేళ్లలో ఆమెను ఉండమన్నవాళ్లు లేరు. కృత్తిక ఆయన పక్కన నిలబడి తనూ అటే చూసింది.